ఒక నవల మిగిల్చిన ప్రశ్నతో ఇంకో నవలకు

అమ్మా, మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీరు కడపలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నారు. ఏడాదిగా వరసబెట్టి నవలలు చదువుతున్నారు. ఎవరో ఇచ్చిన జాబితాలు పట్టుకుని పోతున్నారు గానీ నెల తిరిగేసరికి చదివింది గుర్తుండటం లేదు. వైవిధ్యంగా చదవడం అంటే ఏమిటో తెలియడం లేదు. మన సీమ నవల అంటే కరువూ కక్షలేనా అని విసుగొస్తోంది. చివర్లో, "మీరు ఈ మధ్య ఏం చదివారు సార్?" అని అడిగారు. అనంతపురం జిల్లాలో శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఈ ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్తాను. మిగతావాటికి జవాబులు అందులోనే వస్తాయి.

జాబితాల మీద నాకు కోపమేమీ లేదు, నమ్మకం మాత్రం లేదు. ఇరవై దేశాల నుంచి ఇరవై నవలలు, అవార్డు వచ్చిన పది పుస్తకాలు, చచ్చేలోపు చదవాల్సిన వంద అంటూ వచ్చేవాటిని పట్టుకుని చదివితే, తిరునాళ్ళలో అంగళ్ళన్నీ చూసి ఏమీ కొనకుండా ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ మధ్య ఏ సంబంధమూ లేకపోతే ఏదీ మనసులో నిలవదు. నా పద్ధతి వేరు. ఒక నవల మూసేటప్పుడు దాని గురించి నాకొక ప్రశ్న మిగులుతుంది. ఆ ప్రశ్నకు ఇంకెవరైనా, ఇంకెక్కడైనా వేరే రకంగా జవాబు చెప్పారా అని వెతుక్కుంటూ పోతాను. అలా పోతే మన ఊరి పక్క పుస్తకం నుంచి మొదలుపెట్టి ఏ కిర్గిజ్ కొండల్లోనో తేలతాం. కావాలని వైవిధ్యం కోసం చదివినట్టు కూడా ఉండదు.

ఈమధ్య జరిగింది చెప్తాను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' మళ్ళీ చదివాను. ఆయన మీ కడప జిల్లావారే. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసి నవల తెలిసిపోయింది అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరైతే దయచేసి నవల తీయండి. వానల్లేక, ఊళ్ళో గడ్డీ నీళ్ళూ అడుగంటిపోయి, కాపరులు జీవాలను తోలుకుని నల్లమలకు పోతారు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు కూడా మంద వెంట నడుస్తాడు. కథ అంతే. కానీ ఆ నడకలో ఎంత సరుకుందో చూడండి. మంద ఎక్కడ ఆగుతుంది, రాత్రి పూట దాన్ని ఎలా కాచుకోవాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పెద్దపులి చుట్టుపక్కల ఉందని ఎలా పసిగట్టాలి, ఇవన్నీ ఆ కుర్రాడు ఒక్కొక్కటే నేర్చుకుంటుంటే మనమూ నేర్చుకుంటాం. రచయిత ఎక్కడా పాఠం చెప్పడు. కాపరులు మాట్లాడుకుంటూ ఉంటారు, మనం పక్కన కూర్చుని వింటున్నట్టు ఉంటుంది. మొదటి పేజీల్లో కడప పల్లె మాట కొంచెం అడ్డుపడొచ్చు. కడపలో ఉంటున్న మీకు ఆ బాధ కూడా ఉండదు.

ఆ పుస్తకం మూశాక నాకు రెండు ప్రశ్నలు మిగిలాయి. జీవాలతో బతికే మనిషికీ పైనుంచి పెత్తనం చేసేవాడికీ మధ్య ఏం జరుగుతుంది అనేది ఒకటి. చదువుకున్న పిల్లవాడు ఊరికి తిరిగొస్తే వాడి చదువు ఏమవుతుంది అనేది రెండోది.

మొదటి ప్రశ్నతో కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్‌మాతోవ్ దగ్గరికి పోయాను. మా తరం వాళ్ళకు ఈయన కొత్తేమీ కాదు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ ఊరికొచ్చినప్పుడల్లా సోవియట్ పుస్తకాలు చవగ్గా, మంచి అట్టలతో దొరికేవి. కడప విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, మనందరం రారా అనే ఆయన, ఆ రోజుల్లో మాస్కో వెళ్ళి తెలుగు అనువాదకుడిగా పనిచేసి వచ్చినవాడే. నేను ఇప్పుడు చదివింది 1966లో వచ్చిన 'ఫేర్‌వెల్ గుల్సారీ'. గుల్సారీ ఒక గుర్రం. ఒకప్పుడు పందేల్లో గెలిచిన గుర్రం, ఇప్పుడు ముసలిదైపోయి దారిలో కూలబడి చచ్చిపోతోంది. దాని పక్కన కూర్చున్న తనాబాయ్ అనే ముసలాయనకు ఆ రాత్రంతా తన బతుకు గుర్తొస్తుంటుంది.

ఇందులో గొర్రెలు ఈనే కాలం గురించిన భాగం ఉంది. దాన్ని ఏ గొర్రెల కాపరికైనా చదివి వినిపించవచ్చు. కమ్యూనిస్టు పార్టీ మాట మీద తనాబాయ్ మందను ఒప్పుకుని కొండల్లోకి పోతాడు. ఇస్తామన్న కొట్టం పాడుబడి ఉంది, కప్పు కారుతోంది, మేత లేదు. ఒకపక్క వానా మంచూ కలిసి పడుతుంటే ఇంకోపక్క గొర్రెలు ఈనుతున్నాయి. పిల్లలు పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోతున్నాయి. సాయానికి వచ్చినవాళ్ళు కూడా వదిలేసి పోతారు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక అధికారి గుర్రమెక్కి వచ్చి, గొర్రెపిల్లలు ఎందుకు చచ్చాయి, లెక్క చెప్పు అంటాడు. తనాబాయ్ చేతికందిన పంగలకర్ర పట్టుకుని వాడి వెంట పడతాడు. జీవితమంతా నమ్ముకున్న పార్టీ ఆయన్ను బయటకు గెంటేస్తుంది. సోవియట్ రాజ్యంలో ఉంటూ ఆ రచయిత ఇంత రాయగలిగాడు. మన దగ్గర కరువు పరిశీలనకు కార్లలో వచ్చి, పొలం గట్టున నిలబడి ఫొటో దిగి పోయేవాళ్ళను చూసిన కళ్ళతో చదివితే ఆ సన్నివేశం ఇంకోలా ఉంటుంది.

ఆ వరసలోనే పెరుమాళ్ మురుగన్ 'పూనాచ్చి'ని ఇంగ్లీషులో చదివాను. తమిళంలో 2016లో వచ్చింది. ఒక నల్ల మేకపిల్ల కథ. ఆ రాజ్యంలో పుట్టిన ప్రతి మేకపిల్లనూ సర్కారు దగ్గరికి తీసుకుపోయి చెవి కుట్టించి లెక్కలో రాయించాలి. అంతకుముందు రాసిన ఒక నవల మీద గొడవ జరిగి, 2015లో "రచయిత మురుగన్ చచ్చిపోయాడు" అని ఆయనే ప్రకటించుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడాది మద్రాసు హైకోర్టు తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చాక మళ్ళీ కలం పట్టాడు. మనుషుల గురించి రాస్తే గొడవ అని మేక గురించి రాసినట్టున్నాడు, కానీ చెప్పాల్సిందంతా చెప్పాడు. చిన్న పుస్తకం. రెండు ఆదివారాలు చాలు.

రెండో ప్రశ్న నన్ను ఇంకా వెనక్కి తీసుకుపోయింది. శివరామ కారంత్ కన్నడంలో 1940ల మొదట్లో రాసిన 'మరళి మణ్ణిగె'ను తిరుమల రామచంద్ర గారు 'మరల సేద్యానికి' పేరుతో తెలుగు చేశారు. రామచంద్ర గారు మా అనంతపురం జిల్లావారే. ఆయన ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాకా' మీరింకా చదవకపోతే అది వేరే పండగ, ఇప్పుడు దాని జోలికి పోను. కారంత్ నవల మూడు తరాల కథ. సముద్రం ఒడ్డున పౌరోహిత్యమూ సేద్యమూ చేసుకునే రామ ఐతాళుడు, ఇంగ్లీషు చదువుకు పోయి చెడిపోయిన ఆయన కొడుకు లచ్చన్న, పట్నాల్లో చదివి, ఉద్యమాల్లో తిరిగి, ఉద్యోగం దొరక్క చివరికి ఆ మట్టికే తిరిగొచ్చిన మనవడు రాముడు. 'కొండపొలం' కుర్రాడికి ఈ రాముడు ముత్తాత వరస అవుతాడు. ఎనభై ఏళ్ళ తేడాతో ఇద్దరు రచయితలు ఒకే సమస్యను పట్టుకున్నారు.

అయితే నన్ను ఆపేసింది రాముడు కాదు, ఆ ఇంటి ఆడవాళ్ళు. ఐతాళుడి భార్య పార్వతి, చిన్నప్పుడే భర్త పోయి అన్న పంచన చేరిన సరసోతి, తర్వాత కోడలిగా వచ్చిన నాగవేణి. ఆ ఇల్లు మూడు తరాలు నిలబడిందంటే వాళ్ళ చాకిరీ మీదే. ఇంకో సంగతి. అనంతపురంలో ఏడాది మొత్తానికి వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వాన అంటే మాకు ఎదురుచూపే. ఈ నవల్లో వాన తెరిపివ్వదు, సముద్రం పొలం మీదికొస్తుంది, నీళ్ళంటేనే జనానికి విసుగు. నీళ్ళు ఎక్కువై కష్టపడే మనుషుల గురించి చదువుతుంటే మొదట్లో నాకు అసూయగా ఉండేది. సగానికి వచ్చేసరికి అది పోయింది. వైవిధ్యం అంటే నాకు తెలిసినంతలో ఇదే. దేశం మారడం పెద్ద విశేషం కాదు. మనం నిక్కచ్చిగా తెలుసు అనుకున్న సంగతిని ఇంకో వైపు నుంచి చూడాల్సి రావాలి.

ఇప్పుడు మీ విసుగు సంగతి, కరువు. నిజమే, సీమ సాహిత్యంలో కరువు ఎక్కువే. విద్వాన్ విశ్వం గారు 1956లో 'పెన్నేటి పాట' రాసినప్పటి నుంచీ, అంతకుముందు నుంచీ ఉంది. ఉండకుండా ఎలా ఉంటుంది? విసుగు కరువు మీద కాదు, కరువును ఒకే రకంగా రాయడం మీద. నెర్రెలిచ్చిన నేల, మబ్బు కోసం చూసే రైతు, చివరికి ఒక చావు. ఈ మూస నుంచి బయటపడాలంటే బ్రెజిల్ పోదాం రండి. గ్రాసిలియానో రామోస్ 1938లో పోర్చుగీసులో రాసిన 'విదాస్ సెకాస్', ఇంగ్లీషులో 'బ్యారెన్ లైవ్స్' అని దొరుకుతుంది. ఈమధ్య నేను చదివినవాటిలో నన్ను వదలని పుస్తకం ఇదే.

ఆ దేశపు ఈశాన్యంలో కరువు నేల. ఫబియానో అనే పశువుల కాపరి, భార్య విటోరియా, ఇద్దరు పిల్లలు, బలేయా అనే కుక్క, నడుచుకుంటూ పోతున్నారు. పిల్లలకు పేర్లు కూడా లేవు, నవలంతా పెద్దోడు, చిన్నోడు అంతే. కుక్కకు మాత్రం పేరుంది. మొదట్లో ఒక చిలుక కూడా ఉండేది. ఆకలికి దాన్ని కోసుకుని తిన్నారు. అదెలాగూ మాట్లాడదు, దానివల్ల లాభమేముంది అని విటోరియా తనకు తాను సర్దిచెప్పుకుంటుంది. అది మాట్లాడకపోవడానికి కారణం, ఆ ఇంట్లో మనుషులే పెద్దగా మాట్లాడుకోరు. అది నేర్చుకున్నదల్లా కుక్క అరుపే. రచయిత ఈ సంగతి చెప్పేసి ముందుకు పోతాడు. మనల్ని ఏడవమనడు.

అందులో లెక్కల అధ్యాయం ఒకటుంది. మీరు బ్యాంకులో పనిచేస్తారు కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఫబియానోకు జీతం లేదు. పుట్టిన దూడల్లో, మేకపిల్లల్లో ఒక వాటా వస్తుంది. కానీ తిండికి లేక, ఆ వాటాను యజమానికే ముందుగానే చవగ్గా అమ్ముకుంటూ వస్తాడు. లెక్క తేల్చుకునే రోజు ముందు విటోరియా నేల మీద కూర్చుని గింజలు పరుస్తుంది. రకరకాల గింజలు కుప్పలుగా పోసి, కూడి, తీసేసి, మనకు ఇంత రావాలి అని తేలుస్తుంది. మరుసటి రోజు ఫబియానో పోతే యజమాని చెప్పిన లెక్క వేరే. ఇదేంటి దొరా అంటే, వడ్డీ అంటాడు. ఫబియానోకు కోపమొస్తుంది, ఏదో అనేస్తాడు. ఇష్టం లేకపోతే వేరే చోట పని చూసుకో అనగానే టోపీ చేతిలో పట్టుకుని, తప్పయింది, నాకు చదువు లేదు, ఆడది లెక్క చెప్తే నమ్మాను అని వెనక్కి నడుస్తాడు. బయటకొచ్చాక అతనికి ఒకటి మాత్రం తెలుసు. భార్య లెక్క తప్పు కాదు.

మా నాయన శెనక్కాయ మూటల లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకునేవాడు. మండీలో తరుగు, హమాలీ, విత్తనాల అప్పు, దాని మీద వడ్డీ అన్నీ పోయాక మిగిలేదానికీ గోడ మీది గీతలకూ ఎప్పుడూ పొంతన కుదిరేది కాదు. అమ్మ ఆ గోడకు సున్నం వేయనిచ్చేది కాదు. బ్రెజిల్‌లో విటోరియా పరిచిన గింజలు చూశాక నాకు ఆ గీతలు అర్థమయ్యాయి. కరువు నవల అనగానే ఆకాశం వైపు చూస్తాం. రామోస్ వడ్డీ వైపు చూశాడు, కానిస్టేబుల్ వైపు చూశాడు. సంతలో పసుపు బట్టల పోలీసు ఒకడు ఊరికే ఫబియానోను పట్టుకుని జైల్లో వేస్తాడు, అది ఇంకో అధ్యాయం. ఇప్పుడు వెనక్కి వచ్చి మన సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి కథలు తీయండి. వాటిలో కూడా వానకంటే వడ్డీ, ధర, రాజకీయం ఎంతెంత ఉన్నాయో అప్పుడు కనబడుతుంది. ముందు మీరు చూడలేదు, అంతే.

కుక్క చచ్చిపోయే అధ్యాయం గురించి నేను చెప్పను. రామోస్ ముందు దాన్నే కథగా రాసి, తర్వాత దాని చుట్టూ మిగతా నవల అల్లాడు. చదివేటప్పుడు ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక కక్షలు. ఫ్యాక్షన్ మీద వచ్చిన నవలలు నేను చదివినవాటిలో ఎక్కువ భాగం మగవాళ్ళ కళ్ళతో రాసినవే. ఎవడు ఎవణ్ని ఎందుకు నరికాడు, పొలం గట్టు దగ్గర మొదలైందా, ఎన్నికల దగ్గరా, నాటుబాంబులు ఎక్కడ దాచారు. ఆడవాళ్ళు తలుపు వెనక నిలబడి ఉంటారు, లేదా శవం మీద పడి ఏడుస్తారు. ఆ ఊళ్ళో పెరుగుతున్న పదేళ్ళ ఆడపిల్లకు ఇదంతా ఎలా కనబడుతుంది అనేది నాకు చాలాకాలంగా ఉన్న ప్రశ్న. జవాబు ఎక్కడో ఇటలీలో దొరికింది. ఎలెనా ఫెరాంటే రాసిన 'మై బ్రిలియంట్ ఫ్రెండ్'. మా అమ్మాయి బలవంతాన పంపించింది. ఫెరాంటే అనేది కలం పేరు. 2011 నుంచి 2014 వరకు వచ్చిన నాలుగు భాగాల్లో ఇది మొదటిది.

నేపుల్స్ నగరంలో ఒక పేద పేట, 1950ల కాలం. లీలా, ఎలెనా అని ఇద్దరు స్నేహితురాళ్ళు. పేటలో అందరికీ అందరితో పాత పగలున్నాయి, ఎందుకో పిల్లలకు తెలియదు. డాన్ అకీలే అనే మనిషి పేరు చెబితే పిల్లలకు దడుపు. తమ బొమ్మలు ఆయనే ఎత్తుకుపోయాడని నమ్మి ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ ఇంటి మెట్లెక్కి, మా బొమ్మలు మాకివ్వు అని అడుగుతారు. ఆయన తికమకపడి, కొత్తవి కొనుక్కోండి అని డబ్బులిస్తాడు. ఆ డబ్బుతో వాళ్ళు బొమ్మలు కొనరు, ఒక నవల కొనుక్కుంటారు. తర్వాత డాన్ అకీలే హత్య అవుతాడు, ఇంకో కుటుంబం పెద్దను జైలుకు తీసుకుపోతారు. మన పల్లెల్లో మాదిరే ఆ హత్య పెళ్ళిళ్ళలో, అంగళ్ళలో, చూపుల్లో ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది. లీలా తెలివిలో అందరికంటే పైన. పై చదువుకు పంపమని పట్టుబడితే తండ్రి కోపంలో ఎత్తి కిటికీలోంచి బయటకు విసిరేస్తాడు. చెయ్యి విరుగుతుంది. ఎలెనా మాత్రం టీచరు వచ్చి ఇంట్లో ఒప్పించడం వల్ల చదువుకుంటుంది. హింస అంటే కత్తులూ బాంబులే కాదు, ఆ కిటికీ కూడా అని రచయిత్రి ఎక్కడా అనదు. మనకే అనిపిస్తుంది. ఇలాంటి పుస్తకం మన సీమ ఆడపిల్ల ఎవరైనా రాస్తే చూడాలని ఉంది.

అన్నట్టు, సీమ నవల అంతా కరువూ కక్షలే అనడం కూడా సరికాదు. కర్నూలు కాశీభట్ల వేణుగోపాల్ గారి 'నేనూ చీకటి' తీయండి. అందులో వాన కోసం ఎవరూ చూడరు. ఒక మనిషి బుర్రలోని గొడవ అది. అందరికీ నచ్చదు, నాకూ కొన్ని పేజీలు ఊపిరాడలేదు. అయినా అలాంటిది మన నేల మీద నుంచి వచ్చిందని తెలియాలి. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' ఇంకో దారి. 18వ శతాబ్దంలో, మా అనంతపురాన్ని హండే వంశం వాళ్ళు ఏలిన కాలం. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చారిత్రక నవల అంటే రాజు, రాణి, కోట, ఒక మంత్రి కుట్ర అని అలవాటైన మనకు, ఇందులో కథ నడిపేవాళ్ళంతా కింది కులాల మనుషులు, కాపరులు, సేవకులు. అనంతపురం పేటల్లో రోజూ తిరిగే మాలాంటివాళ్ళకు ఈ నేల మీద ఇంత జరిగిందా అనిపిస్తుంది. పెద్ద పుస్తకం, పాత్రలు చాలా ఎక్కువ. పేర్లు ఒక చీటీ మీద రాసిపెట్టుకుని చదవడం మంచిది, నేనూ అదే చేశాను.

పల్లెలు చాలు, పట్నం మనుషుల గురించి ఏమైనా ఉందా అని మీరు అడిగేలోపే చెప్తాను. కన్నడ రచయిత వివేక్ శానభాగ్ రాసిన 'ఘాచర్ ఘోచర్'. 2013లో వచ్చింది, శ్రీనాథ్ పెరూర్ చేసిన ఇంగ్లీషు అనువాదం తేలిగ్గా దొరుకుతుంది. బెంగళూరులో ఒక దిగువ మధ్యతరగతి ఇల్లు. తండ్రి ఉద్యోగం పోతుంది, చిన్నాన్న మసాలా పొడుల వ్యాపారం పెడతాడు, ఉన్నట్టుండి డబ్బొస్తుంది. డబ్బు వచ్చాక ఆ ఇంటి మనుషులు ఏమయ్యారు అనేదే కథ. ఒకరోజు చిన్నాన్న కోసం ఎవరో ఒకామె, ఆయనకు ఇష్టమైన పప్పు వండుకుని గిన్నెలో పెట్టుకుని ఇంటి గడప దగ్గరికొస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు ఆమెను తిట్టే తిట్లు, ఆ పప్పు వీధిలో ఒలికిపోవడం, లోపల ఉన్న మగవాళ్ళు ఏమీ ఎరగనట్టు ఊరుకోవడం, ఇదంతా మూడు నాలుగు పేజీలు కూడా ఉండదు. మనకు తెలిసిన ఇళ్ళు నాలుగైదు కళ్ళ ముందు తిరుగుతాయి. లోన్ కోసం మీ కౌంటర్ దగ్గరికి వచ్చే కొత్త డబ్బు కుటుంబాలను ఈ పుస్తకం తర్వాత మీరు మునుపటిలా చూడలేరు.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్తాను. అవార్డు వచ్చిందని, అందరూ మెచ్చుకుంటున్నారని మొదలుపెట్టి సగంలో ఆపేసినవి నా అలమరలో బోలెడున్నాయి. ఆపేయడం నేరం కాదు. అలాగే డిటెక్టివ్ నవలలూ, వారపత్రిక సీరియళ్ళూ చదివాను అని చెప్పడానికి సిగ్గుపడకండి. నేను లైబ్రరీలో ఉన్న రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు పుస్తకాల కోసం వచ్చిన పిల్లలే కొన్నాళ్ళకు 'అల్పజీవి', 'అసమర్థుని జీవయాత్ర' అడిగేవాళ్ళు. గొప్ప పుస్తకాలతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టి కూర్చున్నవాళ్ళు చాలామంది మళ్ళీ కనబడలేదు. నాకు పడనిది ఒక్కటే, జీవితాన్ని ఎలా గెలవాలో చెప్పడానికి నవల వేషం వేసుకొచ్చే పుస్తకాలు. అందులో పాత్రలు మాట్లాడవు, ఉపన్యాసాలిస్తాయి.

గుర్తుండటం లేదు అన్నారు కదా. కథ మొత్తం గుర్తుండాల్సిన పని లేదు. పుస్తకం మూసిన రోజే ఆఖరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో ఒకే ఒక్క ప్రశ్న రాయండి. లైబ్రరీ పుస్తకమైతే మీ డైరీలో రాయండి, పుస్తకంలో గీసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ మంటే. 'బాగుంది', 'కన్నీళ్ళొచ్చాయి' అని రాయకండి. 'ఫబియానో మళ్ళీ లెక్క అడగడానికి పోతాడా?' ఇలాంటిది రాయండి. నాలుగు పుస్తకాలయ్యాక ఆ ప్రశ్నలు వరసగా చూసుకుంటే మీ మనసు ఎటు లాగుతోందో మీకే తెలుస్తుంది, తర్వాతి పుస్తకం అదే దొరుకుతుంది. నవలల మీద ఎలా ఆలోచించాలో నేర్పే పుస్తకం కావాలంటే రారా 'సారస్వత వివేచన' చదవండి. ఆయన అభిప్రాయాలన్నీ ఒప్పుకోవాల్సిన పని లేదు, చాలా చోట్ల నిర్దయగా ఉంటాడు. కానీ ఒక రచనను ఎందుకు మెచ్చుకుంటున్నాం అని మనల్ని మనం నిలదీసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, కడపలో మీకు ఎర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో నిలబడిన సంస్థ అది. సీమ రచయితల పాత పుస్తకాల కోసం ముందు అక్కడ అడగండి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. మీ ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను 1960 నాటి చట్టం ప్రకారం ఎలాగూ కడుతూనే ఉన్నారు, మరి వాడుకోకపోతే ఎలా? కావాల్సిన పుస్తకం లేకపోతే అక్కడ సూచనల పుస్తకంలో పేరు రాయండి. నలుగురైదుగురు అదే పేరు రాస్తే కొనుగోలు జాబితాలోకి వచ్చే అవకాశం ఉంటుంది, మా రోజుల్లో అలా తెప్పించినవి చాలా ఉన్నాయి. కొత్త పుస్తకాలకు జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం మంచిది. రెండు రోజులు సెలవు పెట్టుకుని వెళ్ళండి. కన్నడం నుంచి వచ్చే అనువాదాలు చూసేటప్పుడు ఆదోనికి చెందిన రంగనాథ రామచంద్రరావు గారి పేరు కనబడితే తీసుకోండి. 'ఓం ణమో' అనువాదానికి ఆయనకు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది.

ఇంగ్లీషులో నవల చదవాలంటే టెన్షన్ అని కూడా రాశారు. 'ఘాచర్ ఘోచర్'తో మొదలుపెట్టండి, సన్నటి పుస్తకం. అందులో మనుషులూ తిండీ ఇళ్ళూ అన్నీ మనకు తెలిసినవే కాబట్టి భాష ఒక్కటే కొత్త. తర్వాత 'పూనాచ్చి', ఆ తర్వాత 'బ్యారెన్ లైవ్స్'. రామోస్ వాక్యాలు పొట్టివి, నిఘంటువు పెద్దగా అక్కర్లేదు. ఫెరాంటేను మాత్రం చివరికి పెట్టుకోండి. నాలుగు భాగాలు ఒకసారి పట్టుకుంటే మార్చి నెలాఖరులో మీ బ్యాంకు పని సాగదు.